పంచాయితీ తెగింది, కేసు తెగలేదు

శ్రోతలందరికీ నమస్కారం.

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరూ, మనుషుల పేర్లూ చెప్పను. మా నాయన ఆ ఊరికి పోలీసు పాటిల్. పోలీసు పాటిల్ అంటే ఊరి మనిషే, కానీ మహారాష్ట్రలో 1967 చట్టం కింద ప్రభుత్వం పెట్టిన మనిషి. నేరం జరిగితే ఠాణాకు చెప్పాలి. ఊళ్ళో పంచాయితీ కూర్చుంటే చాప మీద ఆయనకూ చోటుంటుంది.

ఇప్పపూలు రాలే రోజులు. గట్టు మీది చెట్టు నాదంటే నాదని బావా బావమరుదులు కొట్లాడుకున్నారు. బావ కర్ర ఎత్తాడు. బావమరిది చెయ్యి విరిగింది. ఆసుపత్రిలో దెబ్బ సంగతి రాసుకున్నారు, ఠాణాకు కబురు పోయింది, కేసు కట్టారు.

ఊరు తన పంచాయితీ తాను పెట్టుకుంది. చింతచెట్టు కింద రెండు రాత్రులు. ఆ తీర్పు నాకిప్పటికీ గుర్తే. వైద్యం ఖర్చు బావది. చెయ్యి అతికేదాకా బావమరిది చేను బావే దున్నాలి. ఇప్పచెట్టు ఒక ఏడు ఒకరికి, మరుసటి ఏడు రెండోవారికి. మేకను కోసి, ఊరందరి ముందూ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినాలి. తిన్నారు. ఆ వానాకాలం బావ రెండు చేలూ దున్నాడు. జైలు శిక్ష ఆ చేను దున్నేది కాదు. ఊరి తీర్పు మీద నాకున్న గౌరవం అక్కడిదే.

పంచాయితీ తెగింది. కేసు తెగలేదు.

రెండేళ్లకు, బావ తెలంగాణకు మిరపకాయ ఏరను పోయినప్పుడు సమన్లు వచ్చాయి. అయిపోయిన గొడవే కదా అని ఇంట్లోవాళ్ళు ఆ కాగితాన్ని చూరులో చెక్కారు. వాయిదా తప్పింది. వారెంటు వచ్చింది. పోలీసులు బావను తీసుకుపోతుంటే జీపుకు అడ్డం నిలబడింది చెయ్యి విరిగిన బావమరిదే. "మేం కలిసిపోయినం సార్, మా బావను ఇడిసిపెట్టున్రి" అని.

కానీ కేసు కాగితంలో బావకు ఎదుటి పక్షం బావమరిది కాదు, మహారాష్ట్ర ప్రభుత్వం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే ఆదివాసుల కోసం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో, తగువులు తీర్చుకునే ఆచారాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకుందని 1996 నాటి పెసా చట్టం చెబుతుంది. అయితే కోర్టులో ఉన్న కేసు చింతచెట్టు కింద మాటతో దానంతటది పోదు.

అందుకే ఈరోజు ఒక్క మాట పట్టుకోండి. ఊళ్ళో రాజీ అయితే, ఆ రాజీని కోర్టుకు తీసుకుపోండి. దెబ్బ తిన్న మనిషే పోవాలి. మామూలు దెబ్బలైతే అతని రాజీ చాలు. ఎముక విరిగితే కోర్టు అనుమతి కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 359వ సెక్షన్. రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే. కత్తితో, గొడ్డలితో నరికిన కేసు ఆ జాబితాలో లేదు. హత్య, అత్యాచారం, పిల్లల మీద లైంగిక దాడి అసలే లేవు. వాటికి మేకలు కోసి తప్పు కట్టించే పెద్దమనుషులను నేను పెద్దమనుషులనను. మాట వినలేదని ఇంటిని వెలివేస్తే మహారాష్ట్రలో 2016 చట్టం కింద అదే నేరం, మూడేళ్ల దాకా జైలు.

వకీలుకు డబ్బు లేదని ఆగకండి. ఆదివాసులకు, దళితులకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసహాయం ఉచితం. ఫోను 15100.

మా బావా బావమరుదులు చివరికి కలిసే కోర్టుకు పోయారు. మేజిస్ట్రేటు అడిగితే బావమరిది చెయ్యి పైకెత్తి చూపించి, "అతికింది సార్" అన్నాడు. అనుమతి దొరికింది. ఆ ఏడు ఇప్పచెట్టు వంతు బావది.

సెలవు. నమస్కారం.