900 రూపాయల రెప్లికా వాచీలో సీకో వీకే63 మిషన్ వేశాను, డయల్ ఒప్పుకుందా?

అందరికీ నమస్కారం. మాటలకు ముందు ఒక శబ్దం వినిపిస్తాను. మైకు దగ్గరికి తెస్తున్నాను, వినండి. పై బటన్ నొక్కాను. టక్. స్టాప్‌వాచ్ మొదలైంది. మధ్యలో ఉన్న ఈ పొడుగాటి ముల్లును చూడండి, సెకనుకు ఒక గెంతు వేయడం లేదు, దాదాపు జారుతున్నట్టు వెళ్తోంది. మళ్లీ పై బటన్ నొక్కితే ఆగింది. ఇప్పుడు కింది బటన్. చూశారా? రెప్పపాటులో పన్నెండు మీదికి వచ్చి నిలబడింది.

ఈ వాచీ కేసు, అంటే బయటి గుల్ల, నాకు 900 రూపాయలకు వచ్చింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో, ఫుట్‌పాత్ మీద. అప్పుడు దీని డయల్ మీద రోలెక్స్ డేటోనా అని, ఒక ఖరీదైన వాచీ పేరు, రాసి ఉంది. అది రెప్లికా అని అమ్మినాయనకూ తెలుసు, నాకూ తెలుసు. లోపలున్న మిషన్, అంటే ముళ్లను నడిపే యంత్రం, తీసేసి మంచి క్వార్ట్జ్ (సెల్లుతో నడిచే) మిషన్ వేయడం ఎంతవరకు కుదురుతుందో స్వయంగా చూద్దామనే కొన్నాను. నెలన్నర నుంచి రోజూ చేతికి పెట్టుకుంటున్నాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రివ్యూ చెప్పగలను.

మొదట పాత మిషన్ సంగతి. వారానికి దాదాపు రెండు నిమిషాలు వెనక పడేది. క్వార్ట్జ్ వాచీకి అది చాలా ఎక్కువ. చేతివాచీల్లో మామూలుగా వాడే క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే సెకనుకు ఒక దెబ్బ. చవక మిషన్‌లోనూ ఇదే లెక్క, ఖరీదైనదానిలోనూ ఇదే లెక్క. తేడా అంతా ఆ దెబ్బను ముల్లు దాకా మోసే దారిలో వస్తుంది. మోటారు బలహీనంగా ఉన్నా, ప్లాస్టిక్ చక్రం పళ్లు సరిగ్గా లేకపోయినా, మధ్యలో ఒక అడుగు తప్పిపోతుంది. తప్పిన అడుగును మళ్లీ ఎవరూ లెక్కపెట్టరు. నా వాచీలో జరిగింది అదేనని నా నమ్మకం, ఎందుకంటే విప్పినప్పుడు సెకన్ల చక్రంలో సన్నని ప్లాస్టిక్ పొట్టు కనిపించింది.

దాని స్థానంలో వేసింది ఇది, వీకే63. సీకో గ్రూపు తయారీ. దీన్ని మెకా-క్వార్ట్జ్ అంటారు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ మిషన్ మీద నిజంగా ప్రేమ ఉంది.

1969లో సీకో రెండు పనులు చేసింది. 6139 అనే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ తెచ్చింది, అంటే చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకునే స్టాప్‌వాచ్ వాచీ. అదే ఏడాది డిసెంబర్ 25న ఆస్ట్రాన్ అమ్మకానికి పెట్టింది, ప్రపంచంలో మొదటి క్వార్ట్జ్ చేతివాచీ అది. ఒకటి స్ప్రింగులు, పళ్లచక్రాల పని, రెండోది సెల్లు, సర్క్యూట్ పని. తర్వాత 1983లో 7ఏ28 వచ్చింది, ముళ్లతో నడిచే మొదటి క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్. అందులో ముళ్లను తిప్పేవి మోటార్లు. వీకే మిషన్‌లో మాత్రం ఆ రెండు దారులూ కలిశాయి. టైమ్‌ను క్వార్ట్జ్ చూసుకుంటుంది. స్టాప్‌వాచ్‌ను ఆపడం, సున్నాకు తేవడం మీటలు, స్ప్రింగులు చూసుకుంటాయి. అందుకే బటన్ నొక్కినప్పుడు వేలికి ఆ టక్ తగులుతుంది. ముల్లు సెకనుకు ఐదు అడుగులు వేస్తుంది, అందుకే జారినట్టు కనిపిస్తుంది.

మరి ముల్లు అంత వేగంగా సున్నాకు ఎలా వస్తోంది? ఇరుసు మీద హృదయం ఆకారంలో చిన్న బిళ్ల ఉంటుంది. కింది బటన్ నొక్కగానే ఒక చిన్న సుత్తి దాని మీద పడుతుంది. బిళ్ల ఏ వైపు తిరిగి ఉన్నా, సుత్తి ఒత్తిడికి జారుతూ జారుతూ లోతైన చోటికే చేరుతుంది. ఆ చోటే సున్నా. ఈ ఉపాయానికి 1844లో ఆడాల్ఫ్ నికోల్ పేటెంట్ తీసుకున్నాడు. అంత పాత ఉపాయం ఇవాళ సెల్లుతో నడిచే వాచీలో పనిచేస్తోంది. నా పాత మిషన్‌లో రీసెట్ నొక్కితే ముల్లు మోటారుతో గిరగిరా తిరుక్కుంటూ పన్నెండు దాకా వచ్చేది, అది కూడా ఒక గీత అటో ఇటో ఆగేది.

ఇక అసలు కష్టం. మిషన్ పార్సిల్ వచ్చిన రోజే పాత వాచీ పట్టుకుని, బీసెంట్ రోడ్డు పక్క సందులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన సొరుగు నిండా హెచ్‌ఎంటీ విడిభాగాలు ఉంటాయి. మా నాన్నగారి జనతా వాచీకి కీ పాడైతే చేసిపెట్టింది కూడా ఆయనే. ఐగ్లాస్ పెట్టుకుని రెండు మిషన్లనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"మిషన్ మార్చడం ఎంతసేపు బాబూ? డయల్ ఒప్పుకోవాలిగా!" అన్నారు.

"స్క్రూలు కుదరకపోతే జిగురు పెట్టి కూర్చోబెడదాం బాబాయ్ గారూ" అన్నాను.

"కూర్చుంటుంది. కానీ అబద్ధం చెబుతుంది" అన్నారు.

ఆ మాట నాకు ఇంటికి వచ్చాకే అర్థమైంది. ఇదిగో, పాత డయల్ కెమెరా ముందు పెడుతున్నాను. అసలు డేటోనాలో 2000లో వచ్చిన 4130 మిషన్ నుంచి ఉన్న అమరిక ఇది: మూడు దగ్గర ఉన్న చిన్న చక్రం, అంటే డయల్‌లోని బుల్లి డయల్, స్టాప్‌వాచ్ నిమిషాలు చెబుతుంది, ముప్పై దాకా. తొమ్మిది దగ్గరది స్టాప్‌వాచ్ గంటలు, పన్నెండు దాకా. ఆరు దగ్గరది మామూలు సెకన్లు. రెప్లికా డయల్ మీద అదే అచ్చు వేశారు. వీకే63లో మూడు దగ్గర ఉన్నది 24 గంటల ముల్లు. తొమ్మిది దగ్గర ఉన్నది 60 నిమిషాల ముల్లు. అంటే సాయంత్రం ఆరింటికి మూడు దగ్గరి ముల్లు ముప్పావు వంతు తిరిగి ఉంటుంది, అచ్చు మాత్రం దాన్ని ఇరవై రెండున్నర నిమిషాలు అంటుంది. పాత మిషన్ కూడా ఇలాగే తప్పు చూపిస్తోందని అప్పుడు గమనించాను. మూడు దగ్గరి ముల్లు స్టాప్‌వాచ్ ఆన్ చేయకపోయినా నడుస్తూనే ఉండేది. ఇన్నాళ్లూ చూశాను గానీ పట్టించుకోలేదు.

పైగా రంధ్రాలు కూడా కుదరలేదు. మధ్య రంధ్రం నుంచి పక్క రంధ్రాలకు ఉన్న దూరం రెండు మిషన్లలో వేరు. తేడా మిల్లీమీటరు కూడా లేదు, కానీ చిన్న ముల్లు ఇరుసు రంధ్రం అంచుకు రాసుకుంటోంది. రాసుకుంటే ఆ మంచి మిషన్ కూడా అడుగులు తప్పుతుంది. అప్పుడు అంత డబ్బు పెట్టి ఏం లాభం?

అందుకని వీకే63 కోసమే చేసిన డయల్ తెప్పించాను. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. మూడు దగ్గర 24 అని, తొమ్మిది దగ్గర 60 అని ఉంది. ముల్లు ఏం చెబుతుందో అచ్చూ అదే చెబుతుంది. డయల్ కాళ్లు (వెనక ఉండే సన్నని పుల్లలు) కూడా మిషన్ రంధ్రాల్లో సరిగ్గా దిగాయి, జిగురు అవసరం రాలేదు. డేటోనా పేరు ఆ పాత డయల్‌తోనే పోయింది. నాకు అదేమీ నష్టంగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే, చేయి చాచి టైమ్ చూపించేటప్పుడు ఇంతకుముందు ఉన్న బెరుకు ఇప్పుడు లేదు.

ముళ్లు కూడా కొత్తవే కావాలి, ఎందుకంటే పాత ముళ్ల రంధ్రాల సైజు వేరు. మొత్తం ఆరు ముళ్లు: గంటలు, నిమిషాలు, మధ్యలో స్టాప్‌వాచ్ సెకన్లు, మిగతావి మూడు చిన్న చక్రాల్లో.

కేసులో కూర్చోబెట్టడం రెండు సాయంత్రాల పని. వీకే63 మందం అయిదు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. పాత మిషన్ దీనికన్నా పల్చన. వెనక మూత మూస్తే చివరి పావు చుట్టు బిగియలేదు. అదృష్టం కొద్దీ మూత లోపల ఒక ప్లాస్టిక్ దిమ్మ ఉంది, పాత మిషన్‌ను నొక్కి ఉంచడానికి పెట్టింది. అది తీసేస్తే చోటు సరిపోయింది. మీ కేసులో ఆ దిమ్మ లేకపోతే ఈ పని అక్కడితో ఆగిపోతుంది, కాబట్టి కొనకముందే లోతు కొలుచుకోండి.

తర్వాత స్టెమ్. కీకి అతికి మిషన్ లోపలికి వెళ్లే సన్నని పుల్ల. ఇది కేసు రంధ్రానికి నేరుగా ఎదురుగా రావాలి. మిషన్ కాస్త పైకి కూర్చున్నా, కిందికి కూర్చున్నా స్టెమ్ వంగి, కీ లాగినప్పుడల్లా గీసుకుంటుంది. మిషన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగును సన్న ఇసుక కాగితంతో కొంచెం కొంచెం రుద్ది ఎత్తు సరిచేశాను. రెండు బటన్లూ మిషన్ మీటలను సరిగ్గా మధ్యలో తాకాలి, అది కూడా ఈ రింగు మీదే ఆధారపడి ఉంది. స్టెమ్ పొడవు తగ్గించేటప్పుడు మొదటిది నేను ఒకేసారి ఎక్కువ కత్తిరించాను. అది పనికిరాకుండా పోయింది. రెండోదాన్ని పొడుగ్గా ఉంచి, ఆకురాయితో రుద్దుతూ, ప్రతిసారీ పెట్టి చూసుకుంటూ తగ్గించాను. స్టెమ్‌లు రెండు కొనుక్కోండి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది స్టాప్‌వాచ్ ముల్లు. మామూలు క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లో చాలావాటికి కీ బయటికి లాగి బటన్ నొక్కితే ముల్లును ఒక్కో అడుగు జరిపి సున్నాకు తెచ్చుకోవచ్చు. వీకే63లో అది లేదు. సుత్తి ఎక్కడ ఆపితే అదే సున్నా. కాబట్టి ముందు రీసెట్ నొక్కి, ముల్లును సరిగ్గా పన్నెండు గీత మీద పెట్టి, నిటారుగా నొక్కాలి. వెంట్రుక వాసి తప్పినా మళ్లీ పీకాలి. పీకిన ప్రతిసారీ ముల్లు గొట్టం వదులవుతుంది, వదులైతే రీసెట్ దెబ్బకు జారిపోతుంది. నాకు నాలుగోసారికి కుదిరింది. అయిదోసారి అవసరమై ఉంటే కొత్త ముల్లు తెప్పించేవాడిని. పెట్టాక ఇరవైసార్లు స్టార్ట్, స్టాప్, రీసెట్ చేసి చూడకుండా మూత బిగించకండి.

ఇప్పుడు ఎలా నడుస్తోంది? కంపెనీ చెప్పే లెక్క నెలకు 20 సెకన్లు అటూ ఇటూ. నాది మొదటి నెలలో 6 సెకన్లు ముందుకు వెళ్లింది. సెల్లు ఎస్‌ఆర్936ఎస్‌డబ్ల్యూ, సుమారు మూడేళ్లు వస్తుందని కంపెనీ లెక్క.

బెజెల్ మీద, అంటే డయల్ చుట్టూ ఉన్న రింగు మీద, వేగం కొలిచే అంకెలను కూడా పరీక్షించాను. చాలామంది అవి అందం కోసమే అనుకుంటారు. హైదరాబాద్ వెళ్తుంటే 65వ నంబర్ జాతీయ రహదారి మీద, పక్క సీట్లో కూర్చుని, ఒక కిలోమీటరు రాయి దగ్గర స్టార్ట్, తర్వాతి రాయి దగ్గర స్టాప్ నొక్కాను. ముల్లు 45 సెకన్ల దగ్గర ఆగింది, బెజెల్ మీద 80 చూపించింది, అంటే గంటకు 80 కిలోమీటర్లు. 3,600ను 45తో భాగిస్తే 80. కారు మీటరు 82, 83 మధ్య చూపిస్తోంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం ఇది చేయకండి.

లోపాలూ చెప్పాలి. 24 గంటల ముల్లు గంటల ముల్లుతో కలిసే తిరుగుతుంది, వేరుగా మార్చుకోలేం. కాబట్టి అమెరికాలో ఉన్న మన పిల్లల టైమ్ చూసుకోవడానికి పనికిరాదు. నా మిషన్‌లో తేదీ ఉంది, డయల్‌కు తేదీ కిటికీ లేదు. అందువల్ల కీ లాగితే మధ్యలో ఒక ఖాళీ మెట్టు తగులుతుంది. కింది బటన్ ఇంకా కాస్త గట్టిగానే ఉంది. బటన్ల చుట్టూ ఉన్న మరలు కేవలం రూపం కోసమే, నీళ్లను ఆపవు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా నేను తీసి పక్కన పెడుతున్నాను.

ఖర్చు. మిషన్ 2,300, డయల్, ముళ్లు కలిపి 1,500, రింగు 250, స్టెమ్‌లు రెండు 200. కేసుతో కలిపి 5,150 రూపాయలు. పనిముట్లు వేరే. మంచి వాచీ కావడమే మీ కోరికైతే, ఇదే మిషన్‌తో సొంత పేరు మీద అమ్మే వాచీలు ఉన్నాయి, అవి కొనుక్కోండి. నీళ్లకు తట్టుకునే కేసు, వారంటీ వస్తాయి. చేత్తో విప్పి, బిగించి, తెలుసుకోవాలన్న ఆశ ఉంటేనే ఈ దారిలోకి రండి. ఆ ఆశ ఉన్నవాళ్లకు మాత్రం నేను తప్పకుండా చేయమనే చెబుతాను.

"ఇలా చేసి అమ్మొచ్చా అన్నా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పాత డయల్ ఉంచి అమ్మితే అది నేరం. 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం ప్రకారం నకిలీ గుర్తు ఉన్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. మంచి మిషన్ వేసినంత మాత్రాన ఆ పేరు అసలుది అయిపోదు. కొన్నవాళ్లు మోసపోయే అవకాశం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ముల్లు జారుతూ నడుస్తుంది కదా, ఖరీదైనదే అనుకుంటారు.

మీ దగ్గర ఇలాంటి కేసు ఉండి, మిషన్ మార్చాలనుకుంటే, తొందరపడి ఏమీ ఆర్డర్ పెట్టకండి. మూత తీసి మూడు కొలతలు తీసుకోండి: కేసు లోపలి లోతు, మిషన్ రింగు బయటి వెడల్పు, డయల్ మధ్య రంధ్రం నుంచి మూడు దగ్గరి రంధ్రానికి దూరం. మామూలు స్కేలు చాలదు, సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఆ మూడూ కామెంట్‌లో రాయండి. పడుతుందో లేదో నా దగ్గరున్న మిషన్ మీద కొలిచి ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాను.