వేడి కోసం వేసిన బోర్లు

అందరికీ నమస్కారం.

బోరు అనగానే మనకు గుర్తొచ్చేది నీళ్ళు, నాలుగు వందల అడుగులు దాటినా పడలేదన్న టెన్షన్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, మన్సీ ఊళ్ళో బాల్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అంత లోతు బోర్లు సుమారు 3,600 వేశారు. వాటిలోంచి ఒక్క చుక్క నీరు తోడరు. వాళ్ళకు కావలసింది వేడి.

బావి ఉన్న ఇంట్లో పెరిగినవాళ్ళకు ఇది తెలిసిందే. ధనుర్మాసంలో తెల్లారగట్ల తోడిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, ఎండాకాలంలో చల్లగా ఉంటాయి. నీళ్ళు పెద్దగా మారవు, మారేది పైనున్న గాలి. మన్సీలో జనవరి గాలి సున్నా కిందికి పోయినా లోతున నేల 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

అంత చల్లటి నేలతో గది ఎలా వెచ్చబడుతుంది? ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, లోపలి వేడిని లాగి బయట పోస్తుంటుంది. హీట్ పంపు చేసేదీ అదే. బోరులో దింపిన ప్లాస్టిక్ పైపులో తిరిగే నీరు నేల వేడిని పైకి తెస్తే, కంప్రెసర్ దాన్ని గదికి సరిపోయేన్ని డిగ్రీలకు ఎక్కిస్తుంది. వేడిని పుట్టించదు, మోస్తుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి వస్తుంది. వేసవిలో అదే పంపు గదుల వేడిని నేలలోకి దించుతుంది. ఆ యూనివర్సిటీలో 2009లో పని మొదలైంది, 2014కల్లా బొగ్గు బాయిలర్లు ఆగిపోయాయి. కరెంటు బొగ్గుతో తయారైనంత కాలం కార్బన్ పూర్తిగా పోదు, నిజమే. అయినా తగ్గేది తక్కువేం కాదు.

మరి హైదరాబాదులో? నేను వద్దనే అంటాను. ఈ పద్ధతిలో నేల గాదె లాంటిది. వేసవిలో నింపిన వేడిని చలికాలంలో తీసుకోవాలి. మనకు ఏడాది పొడుగునా నింపడమే ఉంటుంది, తీసేవాళ్ళుండరు. ఇక్కడి నేల ముందే 27 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏటేటా ఇంకా వేడెక్కితే ఏసీకి వచ్చే లాభం కరిగిపోతుంది. మనం ముందు పట్టించుకోవలసింది ఇంటి పైకప్పునీ, పడమటి గోడనీ.

కానీ మీ పిల్లలు చలి దేశాల్లో ఇళ్ళు కొంటున్నారు. ఈ విషయం వాళ్ళకు చెప్పండి. బోర్లకు మొదట ఖర్చు బాగా అవుతుంది. అయితే భూమిలో పైపు యాభై ఏళ్ళయినా ఉంటుంది. ఇల్లు వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేసు పాతబడుతోందంటే ఆ వేసవిలోనే బోర్లవాళ్ళను పిలిచి లెక్క వేయించుకోమనండి. నడి జనవరిలో అది ఆగిపోతే, చంటిపిల్లలున్న ఇంట్లో బోరు పడేదాకా ఎవరూ ఆగలేరు. మళ్ళీ గ్యాస్‌దే పెట్టించుకుంటారు.