ఆరు వేల లైకులు, అరవై పాంప్లెట్లు: చిన్న షాపు డబ్బు ఎక్కడ పెట్టాలి?

[షాట్: కూకట్‌పల్లి దగ్గర ఓ గల్లీ, సాయంత్రం ఏడు. కర్రీ పాయింట్ కౌంటర్ మీద స్టీలు గిన్నెలు. నేను నడుచుకుంటూ వస్తూ మాట్లాడతాను.]

హాయ్ అండీ. ఇది మా బాబాయ్ కర్రీ పాయింట్. పప్పు, సాంబారు, రెండు వేపుళ్లు, ఒక పచ్చడి, ఆదివారం అయితే చికెన్. రెండేళ్ల క్రితం దీనికి మార్కెటింగ్ నేను చేస్తానని అడక్కుండానే ముందుకొచ్చి ఆరు వేల రూపాయలు తగలేశాను. డిజిటలా, పాంప్లెట్లా అని మీరు కామెంట్లలో అడుగుతున్నారు కదా, ముందు ఆ ఆరు వేల కథ వినండి.

ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టాను, గుత్తివంకాయ కూర ఫోటో ఎక్కించాను, డబ్బులిస్తే పోస్టుని ఎక్కువ మందికి చూపించే బూస్ట్ అనే బటన్ కనిపిస్తే ఆ ఆరు వేలు కట్టి నొక్కేశాను. ఎక్కడి వాళ్లకి చూపించాలి అని అడిగితే తెలంగాణ అని పెట్టా, ఎంత మందికి కనిపిస్తే అంత మంచిదే కదా అని. వారం తిరిగేసరికి ఆరు వేలకి పైగా లైకులు. అంటే లైకు రూపాయి కూడా పడలేదని నేను గాల్లో తేలుతున్నా. ఆదిలాబాద్ నుంచి ఒకాయన సూపర్ అన్నాడు, ఖమ్మం నుంచి ఒకావిడ రెసిపీ అడిగింది, ఈ గల్లీ చివర అపార్ట్‌మెంట్ నుంచి మాత్రం ఒక్క మనిషి కొత్తగా రాలేదు. ఫోన్ తీసుకెళ్లి బాబాయ్‌కి చూపిస్తే గరిటె తిప్పడం ఆపకుండానే, "ఇవి వండుకుని తింటామారా?" అన్నాడు.

ఫేస్‌బుక్‌ని తిట్టడానికేం లేదు. లైకులు కావాలని అడిగాను, లైకులు కొట్టే అలవాటున్న వాళ్లని వెతికి మరీ చూపించింది. అదే బూస్ట్‌లో లైకుల బదులు మెసేజ్‌లు కావాలని పెట్టొచ్చు, మ్యాప్ మీద షాపు దగ్గర పిన్ గుచ్చి చుట్టూ కొన్ని కిలోమీటర్లకే చూపించమనొచ్చు. నేను ఆ పేజీ కిందకి జరిపి చూడనే లేదు. పైగా 18 శాతం జీఎస్టీ ఒకటి ఉంటుంది, అది కూడా ముందు లెక్కలో వేసుకోలేదు.

[కట్: గిన్నెలో కూర కవర్లోకి పోస్తున్న క్లోజప్. రబ్బరు బ్యాండు రెండు చుట్లు.]

ఇప్పుడు ఈ కూర కొనే మనిషి ఎవరో చూడండి. ఆఫీసు నుంచి వచ్చి, బియ్యం కడిగి కుక్కర్ పొయ్యి మీద పెట్టి, మూడో విజిల్ లోపు కూర తెచ్చుకుందామని చెప్పులేసుకుని బయల్దేరే మనిషి. వాళ్ల రూమ్మేట్‌కి స్టవ్ కట్టేయమని చెప్పి మరీ వస్తాడు. ఆయన మియాపూర్ నుంచి రాడు, నిజాంపేట నుంచి కూడా రాడు. మూడో విజిల్ దూరంలో ఉన్నవాళ్లే మా కస్టమర్లు, ఆ దూరం దాటి మేం పెట్టే ప్రతి రూపాయీ మూసీలో వేసినట్టే.

అందుకని పాంప్లెట్ల మీద పడ్డాం. అదీ మొదటిసారి బోల్తా కొట్టింది, చెబుతా. రెండు వేలు ప్రింట్ చేయించి, పంచిపెట్టే ఒకతనికి ఇచ్చాం. మూడో రోజు సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ కొనుక్కుంటే దాన్ని మా పాంప్లెట్‌లోనే చుట్టిచ్చాడు. నూనెలో మా గుత్తివంకాయ బొమ్మ తేలుతోంది! కట్టకి కట్ట అక్కడే ఉంది.

రెండోసారి నేనే వెళ్లాను. తెల్లారుజామున నాలుగున్నరకి పేపర్ పాయింట్ దగ్గర ఫుట్‌పాత్ మీద కట్టలు విప్పి, పిల్లలు గొంతుక్కూర్చుని ఒక్కో పేపర్లో పాంప్లెట్ దోపుతుంటారు, చెయ్యి ఎంత వేగంగా ఆడుతుందంటే చూస్తూ ఉండిపోతాం. ఏజెంట్‌తో మాట్లాడుకుని ఏరియా మొత్తానికి కాకుండా మా చుట్టూ ఉన్న నాలుగు లైన్లకే వేయించాం. కింద ఒక ముక్క రాశాం: ఈ కాగితం తెస్తే ఒక రసం ప్యాకెట్ ఫ్రీ. కౌంటర్ మీద ఖాళీ బిస్కెట్ డబ్బా పెట్టి వచ్చిన కాగితాలన్నీ అందులో వేశాం. పది రోజులకి అరవై ఒకటి. ఇది మా ఒక్క కొట్టు లెక్క, మీకూ ఇంతే వస్తుందని నేననను. కానీ ఆ డబ్బా వల్లే జీవితంలో మొదటిసారి ఒక ప్రకటన పనిచేసిందో లేదో మాకు తెలిసింది. రసం ప్యాకెట్‌కి అయ్యే ఖర్చు దానికి ఫీజు అనుకోండి.

సరే, దీన్నిబట్టి ఆన్‌లైన్ దండగ అంటున్నానేమో అనుకోకండి.

[కట్: మగ్గం చట్రం మీద బిగించిన ఆకుపచ్చ పట్టు గుడ్డ, సూది కింద నుంచి పైకి వస్తోంది.]

ఇది దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క షాపు, మగ్గం వర్క్ బ్లౌజులు. అక్క ఒక్క పాంప్లెట్ కూడా వేయదు, వేస్తే వద్దని నేనే చెప్తా. ఎందుకంటే పెళ్లి బ్లౌజు కోసం ఊరు దాటి అయినా వస్తారు, కానీ పనితనం కళ్లతో చూడందే ఎవరూ రారు. ఆ దారం మెరుపు, వెనక మెడ మీద జర్దోసీ, అది నాసిరకం కాగితం మీద కనబడదు, ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో కనబడుతుంది. అక్క డబ్బులు పెట్టేది కూడా ఆషాఢంలో. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా అప్పుడెందుకు అంటారేమో, శ్రావణం ముహూర్తాలకి బ్లౌజు చేతికి రావాలంటే చట్రం మీదకి ఎక్కాల్సింది ఆషాఢంలోనే. శ్రావణం వచ్చాక యాడ్ వేస్తే ఆర్డర్లు వస్తాయి, కుట్టడానికి రోజులుండవు, ఇక తిట్లే.

ఇంకో రకం వ్యాపారం ఉంది, ఏసీ రిపేరు, వాటర్ ఫిల్టర్, ప్లంబింగ్. వీళ్లని ముందుగా ఎవరూ తలుచుకోరు. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగిపోయినప్పుడు గుర్తొస్తారు. ఆ క్షణంలో జనం రెండే పనులు చేస్తారు. ఒకటి ఫోన్‌లో వెతుకుతారు, రెండోది తలెత్తి ఏసీ వైపు చూస్తారు. పోయిన వేసవిలో సర్వీసు చేసినతను అంటించిన స్టిక్కర్ అక్కడే ఉంటుంది, రంగు వెలిసి, నంబరు మాత్రం కనబడుతూ. ఆ స్టిక్కర్ కనిపెట్టినవాడికి నేను దండం పెడతాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు, పైగా అవసరం పుట్టే చోటే అతుక్కుని ఉంటుంది.

ఇక ఫోన్‌లో వెతికే వాళ్లకి దొరకాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉండాలి, అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ షాపు వివరాలు చూపించే పేజీ. ఇది పూర్తిగా ఉచితం. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ రెన్యువల్‌కి డబ్బు కట్టాలి" అని ఫోన్ వస్తే మర్యాదగా పెట్టేయండి, దానికి ఫీజు లేదు. ఎవరిని పైన చూపించాలో గూగుల్ మూడు విషయాలు చూస్తుంది: వెతికినదానికి మీరు సరిపోతారా, ఎంత దూరంలో ఉన్నారు, మీకు ఎంత పేరుంది. దూరం మీ చేతుల్లో లేదు. మిగతా రెండూ కేటగిరీ సరిగ్గా పెట్టడం, టైమింగ్స్ రాయడం, నిజమైన రివ్యూలు రావడం మీద ఉంటాయి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని బోర్డు పెట్టకండి, అది వాళ్ల నిబంధనలకి విరుద్ధం. మ్యాప్‌లో మా బాబాయ్ షాపు పిన్ అయితే ఏడాది పాటు వెనక గల్లీలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది. మేం చూసుకోలేదు, డెలివరీ పిల్లాడు చెప్పాడు.

ఎఫ్ఎం రేడియో, హోర్డింగ్ గురించి కూడా అడిగారు. ఎఫ్ఎంలో పది సెకన్ల లెక్కన అమ్ముతారు, మీ మాట సిటీ అంతా వినిపిస్తుంది. నాలుగైదు బ్రాంచీలుంటే ఆలోచించండి, ఒక్క కొట్టుకి వద్దు. కరెంటు స్తంభాలకి ఫ్లెక్సీలు మాత్రం అసలొద్దు, పర్మిషన్ లేకుండా కడితే మున్సిపల్ కార్పొరేషన్ జరిమానా రాస్తుంది, ఫ్లెక్సీ మీద మీ ఫోన్ నంబరు మీరే ఇచ్చి ఉంటారు కాబట్టి వెతుక్కునే శ్రమ కూడా ఉండదు వాళ్లకి.

[కట్: బాబాయ్ సుద్దముక్కతో నల్లబోర్డు మీద మెనూ రాస్తున్నాడు. నేను ఫోటో తీస్తున్నాను.]

ఇప్పుడు బాబాయ్ చేసేది ఇదే. రోజూ ఆరుంబావుకి బోర్డు రాస్తాడు, దాన్నే ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడతాడు. ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి చూశాం, లిస్టుకి 256 మందే, పైగా మన నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. స్టేటస్ కూడా అంతే, అవతలివాళ్ల ఫోన్‌లో మన నంబరు, మన ఫోన్‌లో వాళ్ల నంబరు రెండూ ఉండాలి. అందుకే రసం ప్యాకెట్ ఇచ్చేటప్పుడు "నంబరు సేవ్ చేసుకో అమ్మా, రోజూ ఏం కూరో కనబడుతుంది" అంటాడు. సగం మంది అక్కడే నిలబడి సేవ్ చేసుకుంటారు, బాబాయ్ కూడా వాళ్లది సేవ్ చేసుకుంటాడు. పాంప్లెట్ మనిషిని కౌంటర్ దాకా తెచ్చింది, ఆ తర్వాత రోజూ గుర్తు చేసే పని ఫోన్ చూసుకుంటోంది. డిజిటలా, పాత పద్ధతా అని బాబాయ్‌ని అడిగితే ఆ మాటలే ఆయనకి తెలియవు.

మీ షాపు ఏంటో, కస్టమర్ ఎంత దూరం నుంచి వస్తాడో కింద రాయండి, తర్వాతి వీడియోలో ఓ నాలుగు షాపులు తీసుకుని లెక్క వేద్దాం.

[బాబాయ్ ఫోన్ టింగుమంటుంది. చేయి తువ్వాలుకి తుడుచుకుని, కళ్లజోడు పైకి జరిపి పైకే చదువుతాడు.]

"దొండకాయ ఒకటి పక్కన పెట్టండి అంకుల్, కుక్కర్ పెట్టేశాను."