ఆవు పేగుకు ఏ కుట్టు మేలు?

అందరికీ నమస్కారం. పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ దవాఖానల నుంచి వచ్చిన డాక్టర్లున్నరు, ఇంకా చదువుకుంటున్న పిల్లలున్నరు. సూటిగా విషయానికొస్తా.

పేగులో పేగు దూరిన ఆవు మొదట పొట్టకేసి తన్నుకుంటది, తర్వాత నిమ్మళిస్తది. రైతు తగ్గిందనుకుంటడు. పెండ ఆగి నల్లటి నెత్తుటి జిగురు పడుతుంటే కుడి డొక్క తెరవాల్సిందే. చచ్చిన పేగు కోసేశాక మిగిలిన రెండు కొసలనూ ఎట్లా కలపాలన్నదే ఇవాళ్టి ముచ్చట.

పక్కకు పక్క కలిపితే దారి వెడల్పుగా వస్తది, నిజమే. కానీ రెండు కొసలనూ విడిగా మూయాలి, పేగును ఎక్కువగా బయటికి తీయాలి. ఆవు మెసెంటరీ, అంటే పేగును పట్టి ఉంచి దానికి నెత్తురు నాళాలను తెచ్చే పొర, పొట్టిది, కొవ్వు పట్టినది. గట్టిగా లాగితే నిలబడ్డ పశువు నొప్పికి కూలబడుతది. స్టేప్లర్ ఉంటే పని తొందరగా అయితది గానీ, దాని ఖర్చు మన రైతు మోయలేడు. కొసను పక్కకు కలిపే అవసరం మనకు అరుదు.

అందుకే నా ఓటు కొసకు కొసకే, అదీ ఒకే వరుస కుట్టుతో. 1826లో లాంబేర్ అనే ఫ్రెంచ్ సర్జన్ పేగు పైపొరను పైపొరకు ఆనించి లోపలికి మడిచే కుట్టు చెప్పిండు. ఇప్పటికీ చాలామంది దాన్నే రెండు వరుసలు వేస్తరు. రెండుసార్లు మడిస్తే దారి ఇరుకైతది. 1887లో అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ చూపించినట్టు, దారాన్ని పట్టి ఉంచే బలం సబ్‌మ్యూకోసాది, అంటే పేగు లోపలి జిగురు పొర కింద ఉండే గట్టి పొరది. సూది ఆ పొరను పట్టకపోతే ఎన్ని వరుసలేసినా ఒకటే. ఒంట్లోనే మెల్లగా కరిగిపోయే దారాలు, పాలీగ్లాక్టిన్ 910 గానీ, పాలీడయాక్సనోన్ గానీ వాడండి. పశువుల పేగుతో చేసే పాత రకం దారం క్యాట్‌గట్ పేగులో తొందరగా బలం కోల్పోతది.

మొదటి కుట్టు మెసెంటరీ అంటుకున్న చోటే పడాలి. అక్కడ కొవ్వులో అంచు కనిపించదు, కారేదీ ఎక్కువగా అక్కడే. ఆ కొవ్వును కొద్దిగా ఒత్తిగించి, అంచు కంటికి కనబడినాకే సూది దించండి. పై కొస నీళ్లు నిండి ఉబ్బి ఉంటది, కింది కొస ముడుచుకుని ఉంటది. కింది కొసను ఏటవాలుగా కోస్తే నోరు పెద్దదై రెండూ సరిపోతయి. కోసేటప్పుడు మెసెంటరీ వైపు పొడుగ్గా ఉంచాలి, లేకుంటే ఎదురు అంచుకు నెత్తురందదు. చివరికి మెసెంటరీలో పడ్డ రంధ్రం మూయడం మరవొద్దు, దాంట్ల ఇంకో పేగు ఇరుక్కుంటది.

ఇంకొక్క మాట. పశువు నీరసంగా ఉందని సోడాబైకార్బ్ అనే క్షారం ఎక్కించే అలవాటు మనలో కొందరికి ఉంది. పేగు అడ్డుపడ్డ ఆవులో ఆమ్లం నాలుగో పొట్టలోనే నిలిచిపోయి, రక్తం అప్పటికే క్షారం వైపు జరిగి ఉంటది. దానికి కావాల్సింది నార్మల్ సెలైన్, అందులో తగు మోతాదు పొటాషియం క్లోరైడ్, అదీ నెమ్మదిగా.

ఇక ప్రశ్నలుంటే అడగండి.