టమాటాలు రెండు కిలోలు ఎందుకు కొన్నాడంటే...

(షాట్: కూరగాయల కొట్టు, త్రాసులో టమాటాలు)

ఫ్రాన్స్‌లో ఒక అమెరికన్‌కి కిలో టమాటాలు చాలు. అయినా రెండు కిలోలు అడుగుతాడు. చవకగా వచ్చాయని కాదు, గ్రామర్ భయంతో!

ఆయన పేరు డేవిడ్ సెడారిస్. సొంత జీవితం మీద ఆయన రాసుకున్న వ్యాసాల పుస్తకం 'మీ టాక్ ప్రెట్టీ వన్ డే' 2000లో వచ్చింది. టైటిల్‌లోనే ఇంగ్లీషు తప్పు: 'ఐ' అనాల్సిన చోట 'మీ'. కావాలనే పెట్టాడు.

(షాట్: బడి గది, ఖాళీ కుర్చీ)

మొదటి వ్యాసంలో ఆయన నార్త్ కరోలినాలో ఐదో క్లాసు పిల్లాడు. 'స' సరిగ్గా పలకదు, 'థ' అవుతుంది. బళ్ళో ఉచ్చారణ దిద్దే స్పీచ్ థెరపిస్ట్ దగ్గర కూర్చోబెడతారు. వీడు నాలుక దిద్దుకోడు, ఆ అక్షరాన్నే తప్పించుకు తిరుగుతాడు. 'యెస్' బదులు 'కరెక్ట్' అంటాడు. ఇంగ్లీషులో బహువచనమంటే చివర 'స్' తప్పదు కదా, అందుకని 'రివర్స్' అనాల్సిన చోట 'ఎ రివర్ ఆర్ టూ' అంటాడు. అమ్మని పోరి పర్యాయపదాల పుస్తకం కూడా కొనిపించుకుంటాడు. చివరి రోజున ఆ థెరపీ టీచరమ్మ తాను ఓడిపోయానని కళ్ళనీళ్లు పెట్టుకుంటుంది. వీడికి జాలేసి 'థారీ' అనేస్తాడు. అంతే, ఆవిడ నవ్వేస్తుంది. దొరికిపోయాడు!

(షాట్: పారిస్ వీధి)

పుస్తకం రెండో సగంలో, నలభై దాటాక ఫ్రెంచ్ క్లాసులో చేరతాడు. మనకి బల్లయినా టమాటా అయినా 'అది'. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. కిలో మగ, టమాటా ఆడ! దాన్నిబట్టి పేరు ముందు పెట్టే, ఇంగ్లీషు 'ది' లాంటి మాట మారిపోతుంది. బహువచనంలో మాత్రం అన్నిటికీ ఒకటే 'లే'. రెండో మూడో అని అంకె చెబితే ఆ 'లే' కూడా అక్కర్లేదు. అందుకే ఏదైనా రెండేసి కొంటాడు. చిన్నప్పుడు బహువచనం చూస్తే పారిపోయినవాడు, పెద్దయ్యాక అందులోకే వెళ్లి దాక్కున్నాడు. (హిందీలో ఈ ఉపాయం పారదు. 'అచ్ఛే', 'అచ్ఛీ' అంటూ బహువచనంలోనూ లింగం వెంటబడుతుంది.)

నాకు బాగా నచ్చింది మాత్రం ఈస్టర్ వ్యాసం. ఈస్టర్ అంటే ఏంటని ఒక మొరాకో అమ్మాయి అడుగుతుంది. క్లాసంతా కలిసి వచ్చీరాని ఫ్రెంచ్‌లో ఏసు కథ చెప్పబోతారు. శిలువ అనే మాట తెలీక చెక్క ముక్కలంటూ తంటాలు పడతారు.

ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు జరిగాయా? కాస్త పెంచి రాస్తానని ఆయనే ఒప్పుకున్నాడు. నాకైతే దాంతో పేచీ లేదు.

ఈయనకి మొదట పేరొచ్చింది 1992లో, రేడియోలో తన డైరీ చదివి. ఈ పుస్తకం ఆడియో చదివిందీ ఆయనే. దొరికితే అదే వినండి. 'స' వచ్చిన ప్రతిసారీ కాస్త చెవి పెట్టండి.