పడుకున్న చోటు నుంచి సముద్రం కనపడుతోందా? టెంట్ పీకెయ్యండి!

నమస్తే అండీ. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. మారుమూల దీవి, తెల్లటి ఇసుక, అలలకి పది అడుగుల దూరంలో టెంట్. జిప్ తియ్యగానే ఎదురుగా నీలం! కింద కామెంట్లలో ఒకటే కొట్లాట, టెంట్ గొప్పదా కేబిన్ గొప్పదా అని. అసలు కొట్లాడాల్సింది దాని గురించి కాదండీ. నా మాట ఒక్కటే. పడుకున్న చోటు నుంచి సముద్రం కనపడుతోందంటే ఆ చోటే తప్పు. టెంటైనా తప్పే, కేబినైనా తప్పే.

"ఇసుక పొడిగా ఉంది కదా, ఇక్కడిదాకా నీళ్ళు రావులే" అంటారు. పొడి ఇసుక చెప్పేది పోయిన పోటు ఎక్కడ ఆగిందో, అంతే! ఇవాళ రాత్రి ఎక్కడిదాకా వస్తుందో అది చెప్పదు. చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి పోటు వస్తుంది. రోజుకి ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఎత్తూ మారుతుంది. అష్టమి దగ్గర చిన్నగా ఉంటుంది, అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకి బాగా పెరుగుతుంది. అష్టమి నాడు టెంట్ వేసి వారం ఉందామనుకున్నారా? పెద్ద పోటుకి ఎదురెళ్ళి కూర్చున్నట్టే.

కాస్త వంగి ఆ ఇసుకని చూడండి. చెత్త గీతలు రెండు కనపడతాయి. కింది గీతలో నాచు ఇంకా పచ్చిగా, తడిగా ఉంటుంది, కదిపితే చిన్న చిన్న పురుగులు ఎగురుతాయి. అది మొన్నమొన్నటి పోటుది. పైనున్న గీతలో పెళుసెక్కిన నాచు, దుంగలు, తెగిన వల తాళ్ళు, సీసా మూతలు ఉంటాయి. అది పెద్ద పోటుదో, తుఫానుదో. టెంట్ ఆ పై గీత దాటాకే. ఇసుక మీద పాకే తీగలు కనపడగానే ఆగిపోకండి, అవి ఉప్పునీటిని తట్టుకుంటాయి. పొదలు రావాలి, చెట్లు రావాలి, అప్పుడు ఆగండి.

"గాలే లేదు, సముద్రం నిద్రపోతోంది" అనేవాళ్ళకి ఒక లెక్క. అల తర్వాత అల ఎన్ని సెకన్లకి వస్తోందో లెక్కపెట్టండి. 6, 7 అయితే దగ్గర్లో గాలికి లేచినవి. 14, 15 దాటిందా, ఎక్కడో చాలా దూరాన తుఫానులో పుట్టి వచ్చినవి. చూడ్డానికి పొట్టిగానే ఉంటాయి, ఒడ్డెక్కాక మాత్రం ఎంత దూరం పాకుతాయో!

ఇక గాలి. పగలు అది సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది. గుమ్మం అటు పెట్టారా, మధ్యాహ్నానికి ఇసుకంతా లోపలే. ఆ ఇసుక జిప్ పళ్ళలో దూరుతుంది, రన్నర్ లోపల అరిగి వదులవుతుంది. లాగితే రన్నర్ వస్తుంది, వెనకాల పళ్ళు కలవవు. అప్పుడు టెంట్ పారెయ్యకండి! మంచినీళ్ళతో, పాత టూత్ బ్రష్‌తో కడిగి, రన్నర్ రెండు పక్కలా కటింగ్ ప్లయర్‌తో కొద్దిగా నొక్కండి. చాలాసార్లు మళ్ళీ పట్టేస్తుంది.

టెంట్‌తో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో దండగ. ముంజేయంత కర్ర తీసుకోండి. మధ్యలో తాడు కట్టి, మూరెడు లోతు గుంటలో, తాడు లాగే దిక్కుకి అడ్డంగా పడుకోబెట్టి పూడ్చండి, తొక్కండి, నీళ్ళు పొయ్యండి. చాలామంది మర్చిపోయేది ఒకటుంది. తాడు గుంటలోంచి టెంట్ వైపు ఏటవాలుగా వచ్చేలా సన్నటి గాడి తియ్యాలి. తియ్యకపోతే తాడు నిట్టనిలువుగా లాగి కర్రని పైకి లేపేస్తుంది.

"చెట్ల వెనక్కి వెళ్తే దోమలు కదా" అంటారా? ఉంటాయి, నిజమే. కానీ ఒడ్డున మిమ్మల్ని కుట్టేవి చాలావరకు దోమలు కావు, 1 నుంచి 3 మిల్లీమీటర్లుండే కుట్టుడు ఈగలు. మామూలు దోమతెరలోంచి దూరిపోతాయి. తడి ఇసుకలో, మడ అడవి బురదలో పుడతాయి. పగటి గాలికి ఎగరలేవు, సాయంత్రం గాలి పడిపోగానే వచ్చేస్తాయి. ఒడ్డున పడుకుని తప్పించుకున్నదేముంది? ఇంకా సన్నటి మెష్ ఉన్న టెంట్ కొనుక్కోండి.

చెట్లంటే ఏ చెట్టు పడితే అది కాదు. కొబ్బరి కింద వద్దు, కాయ కాదు, మట్ట పడినా చాలు. కరీబియన్ తీరాల్లోనైతే మాంచినీల్ అనే చెట్టుంది, చిన్న ఆపిల్ లాంటి కాయలు. వానకి దాని కింద నిలబడితే ఆకుల మీంచి కారే నీళ్ళకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది!

కేబిన్ వాళ్ళూ, సంబరపడకండి. ముందు వరస గది తీసుకుంటే ఉప్పు తుంపర నేరుగా మీదే. బుకింగ్ ఫోటోలో మంచం చూడకండి, కిటికీ మెష్, తలుపు బందులు చూడండి. తుప్పుపట్టి మెష్ చిల్లులు పడితే రాత్రంతా గోక్కోవడమే. పైగా ఆ గది లైటు ఒడ్డు మీద పడుతుంది. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి. సముద్రానికి పోవాల్సినవి మీ వరండాకి వచ్చి చస్తున్నాయి. ఇది నాకు చాలా కోపం తెప్పించే విషయం. లైటు ఆర్పండి!

నీళ్ళు మనిషికి రోజుకి కనీసం 4 లీటర్లు, ఎండ ఎక్కువైతే 6. సముద్రం బాగోలేకపోతే పడవ రాదు, కాబట్టి మూడు రోజులకి వెళ్తే అయిదు రోజులవి. 20 లీటర్ల డబ్బా ఒక్కటి కాదు, 5 లీటర్లవి నాలుగు. ఒకటి పగిలినా మూడు మిగులుతాయి.

ఇంకా ఒప్పుకోబుద్ధి కావట్లేదా? అమావాస్య మర్నాడు, మీరు టెంట్ వేద్దామనుకున్న ఆ అందమైన చోట ఒక కర్ర పాతి, వెనక్కి వెళ్ళి పడుకోండి. తెల్లారాక వచ్చి చూడండి. కర్ర మొదట్లో ఇసుక గుంటపడి, దానికి తడినాచు చుట్టుకుని ఉంటే, ఆ ఫోటో తీసి కింద కామెంట్లో పెట్టండి.