మిద్దె తోట మేలు ఎక్కడ జరుగుతుంది?

(తెరపై: మిద్దె మీద తొట్లు, పక్కన కోకోపీట్ దిమ్మ, ఎండుటాకుల గోతాం)

నమస్తే. నాలుగు కుండీలు పెట్టుకుంటే భూమికి మేలు చేసినట్టేనని మనందరి నమ్మకం. మేలు జరిగే మాట నిజమే. కాకపోతే మనం అనుకునే చోట కాదు.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం. స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ గదిలో గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారానికి మూలం 1989 నాటి నాసా అధ్యయనం. ఆ ప్రయోగాలు గాలి చొరబడని చిన్న గదుల్లాంటి పెట్టెల్లో జరిగాయి. మన ఇళ్లలో తలుపులు, కిటికీల గుండా గాలి మారుతూనే ఉంటుంది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలన్నీ తిరగేసి లెక్క కట్టారు. మామూలుగా మారే ఆ గాలితో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట! గాలి కోసం కిటికీ తెరవండి. మొక్కను ఇష్టం కొద్దీ పెంచుకోండి, ఆ కారణం చాలు.

(తెరపై: గుప్పెట్లో తొట్టి మట్టి)

అసలు చూడాల్సింది కుండీలో ఏం నింపుతున్నామన్నది. అమెరికా, కెనడాల్లో ఉంటూ పెరట్లో గోంగూర వేసుకునే మనవాళ్లు పాటింగ్ మిక్స్ సంచి మీద ఏం రాశారో ఒకసారి చదవండి. చాలావాటిలో పీట్ మాస్ ఉంటుంది. చిత్తడి నేలల్లో పూర్తిగా కుళ్లిపోకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నాచు అది. ఏడాదికి మిల్లీమీటరు పెరిగితే గొప్ప. ప్రపంచ భూభాగంలో 3 శాతమే ఉన్న ఈ నేలలు అడవులన్నిటికంటే ఎక్కువ కార్బన్‌ను దాచుకున్నాయి. తవ్వి ఆరబెడితే అదంతా మెల్లగా గాల్లో కలుస్తుంది. నాలుగు గోంగూర మొక్కల కోసం ఇంత నష్టం అక్కర్లేదు. పీట్ లేని మిక్సులు దొరుకుతున్నాయి, అడిగి తీసుకోండి.

మన దగ్గర వాడకంలో ఉన్నది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు. 5 కిలోల దిమ్మ నానితే సుమారు 70 లీటర్లవుతుంది, శ్లాబు మీద బరువు కూడా తగ్గుతుంది. అయితే అందులో ఉప్పు ఉంటుంది, అది పోవాలంటే చాలా నీళ్లతో కడగాలి. మొక్కకు కావాల్సిన బలమూ అందులో పెద్దగా ఉండదు. అందుకే తొట్టిలో మూడో వంతు మించొద్దంటాను. మట్టి గుల్లగా ఉండటానికి పెర్లైట్ కొనే బదులు రైసుమిల్లు ఊక కలపండి. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు రాతిని కొలిమిలో పేలాల్లా పొంగించినది, దానికి బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. పాత తొట్టి మట్టిని కూడా పారేయకండి. వేళ్లు ఏరేసి, ఎండబెట్టి, ఎరువు కలిపితే మళ్లీ పనికొస్తుంది. కొత్త ఎర్రమట్టి కావాలంటే ఎక్కడో ఒక గుట్టను తవ్వాల్సిందే కదా.

(తెరపై: చిల్లులు పెట్టిన పాత పెయింట్ బకెట్)

ఇంటి తోట చేసే అతి పెద్ద మేలు ఈ బకెట్లో జరుగుతుంది. వంటింటి తడి చెత్త డంపింగ్ యార్డు గుట్టల కింద గాలి అందక కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు అది. చెత్తలోంచి కారే నల్లటి రసం భూగర్భ జలాల్లోకి దిగుతుంది. హైదరాబాద్ చెత్తలో ఎక్కువ భాగం చేరే జవహర్‌నగర్ చుట్టుపక్కల జనం ఈ బాధ ఏళ్లుగా పడుతున్నారు. మనింటి తొక్కల భారం వాళ్లెందుకు మోయాలి?

చేసే పద్ధతి తేలికే. బకెట్‌కు అడుగునా చుట్టూ చిల్లులు పెట్టి, ఎండుటాకులు పరవండి. రోజూ తొక్కలు, వాడేసిన టీపొడి వేసి, వాటికి రెండింతలు ఎండుటాకులు కప్పండి. మొదట్లో కాస్త పుల్ల మజ్జిగ చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కలియబెట్టండి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైనట్టు, ఇంకొన్ని ఆకులు వేయండి. చీమలు పట్టాయంటే బాగా ఆరిపోయినట్టు, నీళ్లు చిలకరించండి. నూనె కూరలు, చేపలు, మాంసం మాత్రం వద్దు. రెండు మూడు నెలల్లో మట్టి వాసన వచ్చే నల్లటి ఎరువు చేతికొస్తుంది. ఎండుటాకులకు వెతుక్కోనక్కర్లేదు. వీధిలో ఊడ్చి తగలబెట్టకముందే ఒక గోతాం నింపుకోండి, ఆ మేరకు పొగా తగ్గుతుంది.

నీళ్ల విషయం. హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ దగ్గర్నుంచి వంద కిలోమీటర్లకు పైగా, మోటార్లతో తోడితే వస్తాయి. కాబట్టి ముందు బియ్యం కడుగు, ఏసీ నీళ్లు పోయండి. ఆర్వో వదిలేసే నీళ్లలో ఉప్పులెక్కువ, వాటిని ఇల్లు తుడవడానికి ఉంచండి.

(తెరపై: కడియం నర్సరీల వరుసలు)

మొక్కలు కొనొద్దని నేననను. కడియం చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు దీని మీదే బతుకుతున్నాయి. మన బాల్కనీలో ఎండ ఎన్ని గంటలు పడుతుందో చూడకుండా కొని, చచ్చిపోతే మళ్లీ కొనడమే నష్టం. బచ్చలి, తమలపాకు, మందారం లాంటివైతే పక్కింటి నుంచి కొమ్మ తెచ్చి గుచ్చినా బతుకుతాయి. నర్సరీ కవర్లను చింపకుండా తీసి, నారు పోయడానికి దాచుకోండి.

ఇంకొక్కటి, టబ్బుల్లో నీటి మొక్కలు పెంచేవాళ్లకు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి వచ్చింది పూల అందం కోసమే. ఇవాళ కొల్లేరులో పడవకు దారివ్వడం లేదు. టబ్బు కడిగినప్పుడు మిగిలిన మొక్కలను చెరువులో, కాలువలో వేయకండి. బాగా ఎండబెట్టి కంపోస్ట్ బకెట్లో వేసేయండి.